మూడు లెక్కపెట్టేంత దూరం

ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ ఇల్లంతా సేమ్యా పాయసం వాసన. పెళ్ళయి నలభై రోజులైనా కాని తన్మయి, గిన్నెకు మూతపెట్టి గుడ్డ కట్టి, ముడి ఎంత ముద్దుగా కుదిరిందో చూసుకుని మురిసిపోయింది. భోజనానికి ఎల్బీ నగర్‌లోని పుట్టింటికి వెళ్ళాలి. కొత్త కారులో నలుగురూ కలిసి వెళ్ళాలని ఆమె ఆశ.

"మీరు కార్ల పోన్రి బిడ్డా. నేను మెట్రోల ఒస్త," అన్నాడు మామగారు దశరథ.

తన్మయి భర్త శేఖర్ మొహం మాడిపోయింది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన తండ్రిని ముందు సీట్లో కూర్చోబెట్టి తిప్పాలనే అతను కారు కొన్నాడు. కానీ పోయిన ఆదివారం ముందున్న బస్సును ఆనుకున్నట్టే నడిపి, అది ఆగగానే గట్టిగా బ్రేక్ వేశాడు. తల్లి అండాలమ్మ ఒళ్ళోని పప్పుచారు ఆమె పట్టుచీర పాలైంది. దశరథ కొత్తపేటలోనే దిగిపోయాడు. మళ్ళీ ఆ కారెక్కలేదు.

"గ్యాప్ ఇస్తే ఆటోలు దూరుతయ్ నాయినా!" అన్నాడు శేఖర్.

"దూరనియ్‌రా. వాడేమన్న మనింట్ల కిరాయికుంటడా? వాని తొవ్వన వాడు పోతడు."

"నీకు నా మీద నమ్మకం లేదు, గంతే!"

దశరథ తల అడ్డంగా ఊపాడు. "నీ మీద కాదురా, ముందటి బండి మీద లేదు. అదెప్పుడు ఆగుతదో మన చేతుల లేదు. నడుమ జాగ ఒక్కటే మన చేతులున్నది. ముప్పై ఏండ్లు నేను ఇంటికొచ్చింది గా జాగతోనే."

"మీ పంచాయితీ తెగేదాంక గీ గిన్నె పట్టుకొని నిలబడాల్నా?" అంది అండాలమ్మ.

తన్మయి చెయ్యి చాపింది. "తాళాలివ్వండి, నేను నడుపుతాను. మావయ్యగారూ, మీరు పక్కన కూర్చుని నేర్పండి."

కొత్త కోడలి మాట కాదనలేక ఆయన ముందు సీటెక్కాడు.

"ముందటి బండి మెట్రో పిల్లర్ దాటంగనే మెల్లగ మూడు లెక్కపెట్టు బిడ్డా. మూడు కాకముందే నువ్వు దాటితే దగ్గరున్నట్టు."

తన్మయి పైకే లెక్కపెట్టసాగింది. మధ్యలో ఒక ఆటో దూరింది. "రండి బాబూ, రండి!" అంటూ వేగం తగ్గించింది. అండాలమ్మ పకపకా నవ్వింది. ఆటో సందులోకి తిరిగిపోయింది.

చైతన్యపురి దాటాక ముందున్న బస్సు ఉన్నట్టుండి ఆగింది. వెనక సీట్లో శేఖర్ కాలు, బ్రేక్ వేస్తున్నట్టు నేలను గట్టిగా తొక్కింది. కారు మాత్రం నిదానంగా నిలిచింది. బస్సుకూ కారుకూ మధ్య ఇంకా బోలెడు చోటుంది. పాయసం గిన్నె కదలలేదు.

శేఖర్ తన కాలి వంక చూసుకున్నాడు.

"నాయినా... నేను నడిపినప్పుడు నువ్వు గూడ గిట్లనే తొక్కినవా?"

"వారం సంది మోకాలు నొస్తున్నదిరా," అన్నాడు దశరథ.

ముందు తన్మయికి నవ్వాగలేదు, తర్వాత అందరికీ. శేఖర్ కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి. ముందుకు వంగి తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు శేఖరే నడిపాడు. ప్రతి పిల్లర్ దగ్గరా అతని పెదవులు కదులుతుంటే, తన్మయి వెనక నుంచి అద్దంలో చూసి ముసిముసిగా నవ్వుకుంది. ఏదో చెప్పబోతే అండాలమ్మ నోటిమీద వేలు పెట్టి ముందుకు చూపించింది.

దశరథ కాళ్ళు చాపుకుని హాయిగా నిద్రపోతున్నాడు.