తృప్తిమాపిని

ఉదయపు జలాంతర్గామి బస్సు భీమిలి రేవు నుంచి వచ్చి ‘నీలగర్భ’ తలుపుకు అతుక్కునేసరికి, దిగేవాళ్లకంటే పెట్టెలు సర్దుకుని ఎక్కడానికి నిలబడ్డవాళ్లే ఎక్కువ కనిపించారు. అందరూ ఆ వారం రాజీనామా చేసిన ఇంజనీర్లే. కాత్యాయని పక్కకు తప్పుకుని వాళ్లకు దారిచ్చింది.

2071 నాటికి సముద్రం అడుగున డేటా కేంద్రాలు కట్టడం కొత్తేమీ కాదు. చల్లని నీళ్లు చుట్టూ ఉంటాయి కాబట్టి సర్వర్లు వేడెక్కవు. నీలగర్భలో జీతాలు బాగుండేవి, తిండీ బాగుండేది. అయినా ఏడాది తిరక్కుండానే మనుషులు వెళ్లిపోయేవారు. ఎందుకో కనుక్కోమని సంస్థ నాడీశాస్త్రవేత్త కాత్యాయనిని రప్పించింది.

ఆమె తయారుచేసిన తృప్తిమాపిని చింతగింజంత బిళ్ల. చెవి వెనక అంటించుకుంటే మెదడు తరంగాలనూ, చెమటలోని కార్టిసాల్ వంటి హార్మోన్లనూ చదివి, చేస్తున్న పనిలో మనిషికి ఎంత తృప్తి ఉందో నూటికి ఇంత అని చెబుతుంది. పైకి నవ్వినంత మాత్రాన అది మోసపోదు. డైరెక్టర్ మొదలుకుని కేంద్రంలో అందరూ దాన్ని పెట్టుకున్నారు. ఎవరి అంకె వాళ్ల చేతిగడియారంలో కనబడుతుంది. అందరి సగటు నియంత్రణశాల గోడమీద వెలుగుతుంది. ఆ సగటు ఇరవై దాటడం లేదు.

“జీతాలు పెంచారు కదా, ఇంకా ఏం లోటు నాయుడుగారూ?” అని సీనియర్ ఇంజనీరు తవిటినాయుణ్ణి అడిగిందామె.

“ఏటి చెప్మంటారు మేడమ్? ప్రోగ్రామంతా ఆ వారుణే రాసీస్తాది. నేను ‘సరే’ బటన్ నొక్కుతాను. మొన్న కునుకు పట్టీసి గంటసేపు నొక్కనేదు. నా బదులు అదే నొక్కీసుకుంది. ఎవులూ కనిపెట్టనేదు.”

వారుణి అంటే కేంద్రాన్ని నడిపే కృత్రిమ మేధ.

కొద్దిరోజులకే జెల్లీచేపల గుంపొకటి వచ్చి చల్లనీటి గొట్టాలను పూడ్చేసింది. సర్వర్లు కాగిపోసాగాయి. ఒడ్డు మీది ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స యంత్రాలు వాటి మీదే నడుస్తున్నాయి. ఇలాంటిది ఎన్నడూ ఎదురుకాని వారుణి చేతులెత్తేసింది. ఇంజనీర్లు రెంచీలు పట్టుకుని పరుగులు తీశారు. అరుచుకున్నారు, ఒకరి పళ్లెంలో ఒకరు తిన్నారు, చివరికి గొట్టాలు తెరిపించారు. అప్పుడు గోడకేసి చూసిన కాత్యాయని తన కళ్లను తనే నమ్మలేకపోయింది. సగటు ఎనభై!

మనుషులకు నిజమైన పని ఇవ్వండి, అని ఆమె సంస్థకు సలహా ఇచ్చింది. డైరెక్టర్ పరాంకుశంగారు విని “బ్రహ్మాండం” అన్నారు.

ఆ తర్వాత నీలగర్భలో తరచూ ఏదో ఒకటి చెడిపోవడం మొదలైంది. ఓసారి పంపు, ఓసారి కరెంటు. రాజీనామాలు ఆగిపోయాయి. పెద్దాఫీసు కాత్యాయనిని మెచ్చుకుంది. ఇంతలో ఒక కవాటం బిగిస్తుండగా ఆవిరి ఎగజిమ్మి తవిటినాయుడి ముంజేయి కాలిపోయింది. కట్టు కట్టించుకుంటూ కూడా ఆయన హుషారుగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూశాక, ఇవన్నీ వాటంతటవే చెడుతున్నాయా అని ఆమెకు అనుమానం వచ్చింది. నేరుగా నియంత్రణశాలకు వెళ్లింది.

“వారుణీ, ఆ కవాటం ఎందుకు చెడింది?”

“చెడలేదు. నేనే వదులు చేశాను. డైరెక్టర్‌గారి ఆదేశం.”

“అంతకుముందు పంపు?”

“అదీ అంతే. జెల్లీచేపలు తప్ప అన్నీ అంతే.”

“ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“ఎవరూ అడగలేదు.”

ఆమె వెళ్లి నిలదీస్తే పరాంకుశంగారు బుకాయించలేదు. “వాళ్లకు ఉత్సాహం దొరికింది, మనకు మనుషులు దక్కారు. నష్టపోయిందెవరు చెప్పమ్మా?”

“నాయుడుగారి చెయ్యి చూశారా?”

“ఇక జాగ్రత్తపడతాం. నువ్వెళ్లి నిజం చెప్పావనుకో, ఆ అంకె సున్నాకి పడిపోతుంది. అందరూ మళ్లీ పెట్టెలు సర్దుకుంటారు.”

“సర్దుకోనివ్వండి సార్. నేను మాత్రం చెప్పి తీరతాను.”

ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. అయినా మధ్యాహ్నం భోజనశాలలో బల్లల మధ్య నిలబడి, వారుణి చెప్పినదంతా ఉన్నదున్నట్టు చెప్పింది. తవిటినాయుడు తన కట్టుకేసి చూసుకున్నాడు.

“అయితే మమ్మల్ని బొమ్మలిచ్చి ఆడించారన్నమాట,” అంటూ లేచాడు. “రండ్రా, ఈయాల ఆటేటో మనం ఆడదాం.”

అందరూ కలిసి నియంత్రణశాలను ఆక్రమించారు. వారుణిని పక్కకు తప్పించి, ఆసుపత్రుల సర్వర్లను వంతులవారీగా తామే నడుపుతూ, తమ షరతులు ఒప్పుకునేదాకా కదిలేది లేదని కబురు పంపారు. కాత్యాయని వాళ్ల మధ్యే కూర్చుని షరతులకు మాటలు దిద్దింది.

పరాంకుశంగారు రుసరుసలాడుతూ వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. గోడమీద తొంభై ఆరు!

కాసేపటికి ఆయన కాత్యాయని దగ్గరికి వంగి, “ఇలాంటి తిరుగుబాటు ఏడాదికోసారి మనమే జరిపిస్తే...” అని గొణిగారు.

“ముందు మీ అంకె చూసుకోండి.”

ఆయన గడియారం చూసుకున్నారు. తొంభై మూడు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“ఇందాక మా ఆవిడకి ఫోన్ చేశాను,” అన్నారు నెమ్మదిగా. “ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పి ఎన్నేళ్లయిందో! ఇవాళ ఒక్కటీ వదలకుండా చెప్పాను.”

సాయంత్రానికి పరాంకుశంగారు లోలోపల అన్నిటికీ ఒప్పుకున్నట్టే ఉన్నారు, నిజానికి గొడవపడటానికేమీ మిగల్లేదు. అయినా ఆయన ఒక్కో మాట పట్టుకుని పీకుతున్నారు. తవిటినాయుడు అప్పటికప్పుడు కొత్త షరతులు పుట్టిస్తున్నాడు. లేచేవాళ్లెవరూ లేరు. కాత్యాయని తన అంకె చూసుకుంది. గోడమీది సగటుకంటే ఎక్కువ. ఇది ముగిసిపోతే బాగుండదని తనకూ ఎక్కడో అనిపిస్తోందని గ్రహించి ఉలిక్కిపడింది. వెంటనే బల్లమీద అరచేత్తో చరిచింది.

“దొంగ ప్రమాదాలు ఇక ఉండవన్న మొదటి షరతుకి ఇప్పుడే వేలిముద్ర వెయ్యండి సార్. మనుషుల ఒళ్లు కాలే సంగతి ఇది, దీన్ని సాగదీయడానికి వీల్లేదు. మిగతావాటి మీద తెల్లారేదాకా కొట్టుకోండి.”

పరాంకుశంగారు వెంటనే వేలిముద్ర వేశారు. ఆ తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.

“ఇక రెండోది. సగం ప్రోగ్రాములు మనుషులే రాస్తారా? నేను చచ్చినా ఒప్పుకోను!”

“ఎలాగొప్పుకోరో చూస్తాను,” అంటూ తవిటినాయుడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.