నాలుగుంపావు ఎండ

రోండా ఊరి లోయ అడుగున, ఏటి రాళ్ల మీద ఎదువీహిస్ శవం పడి ఉంది. డెబ్బై ఏళ్ల ఆడమనిషి. పడింది సొంత బాల్కనీ నుంచే. ఆగస్టు ఎండలో లోయకి నడకకొచ్చినవాళ్లు ఆమె పడటం చూశారు. నాలుగుంపావుకి.

అప్పుడు ఇంట్లో ఉన్నది పై గదిలో దిగిన డచ్చి యాత్రికుడు యూస్ట్ ఒక్కడేనని అందరూ అనుకున్నారు.

"వీడే మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "కార్డోబా, గ్రనడా చూసుకుని ఇటొచ్చాడు. ఎండ కోసం వచ్చాట్ట! మనం ఎండకి దాక్కుని చస్తుంటే."

ఇన్‌స్పెక్టర్ ప్రాక్సెదిస్ నవ్వకుండా యూస్ట్ వైపు తిరిగింది.

"ఏం చేస్తున్నారు అప్పుడు?"

"నిద్రపోయాను. లేచి లోయ ఫొటో తీద్దామని ఆవిడ గదికొచ్చాను. తెర దించి ఉంది. వెళ్లిపోయాను."

"టైం?"

"నాలుగున్నర."

హెడ్ కానిస్టేబుల్ సంకెళ్లు బయటికి తీశాడు.

అదే ఇంట్లో ఉండే ఎదువీహిస్ చెల్లెలు విసితసియోన్ నల్లబట్టల్లో కూర్చుని ఉంది.

"మీరెక్కడున్నారమ్మా?"

"చర్చిలో."

"అక్కతో గొడవలున్నాయా?"

"అరవై ఏళ్లుగా రోజూ ఉన్నవే. ఇల్లు హోటల్ వాళ్లకి ఇచ్చేస్తానంది. నన్నడగలేదు."

ప్రాక్సెదిస్ ఎదువీహిస్ గదిలోకి వెళ్లింది. చీకటి, చల్లదనం. గడ్డితో నేసిన తెర బాల్కనీ కమ్మీల మీదుగా బయటికి వేలాడుతోంది. వేసవిలో ఊళ్లో ప్రతి ఇంటికీ అంతే. అందుకే ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. తనూ ఇంతదాకా పట్టించుకోలేదు.

అందర్నీ ఆ గదిలోకే పిలిచింది.

"ఈ తెర దించి ఉంటే మనిషి పడటానికి దారి లేదు. ఆమె పడ్డాక ఎవరో దించారు."

"వీడే!" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"పై గది చూశావా? వచ్చిన రోజే తెర చుట్టి కట్టేశాడు. ఎండ లోపలికి రాగానే ఆలోచించకుండా తెర తాడు మీదికి చెయ్యి పోయేది మనకయ్యా. ఈ ఊరి వాళ్లకి."

ఆమె ముసలామె వైపు తిరిగింది.

"ఈ ఇంట్లో అలాంటి చెయ్యి ఇక మీదొక్కటే."

విసితసియోన్ తన చేతుల్ని చూసుకుంది.

"అక్క తెర ఎత్తి, 'హోటల్‌కొచ్చేవాళ్లు ఈ లోయ చూసి ఎంత మురుస్తారో చూడవే' అంది. తోసేశాను."

"తర్వాత తెరెందుకు దించారు?"

"ఎండ మంచం మీదికొస్తోంది." గొంతు తగ్గింది. "దించకపోతే అక్క తిడుతుంది."