జోజప్ప ఆరో టార్చి

పోయింది రూపాయి బిళ్ళంత రాగి ముక్క. దాని మీద కందిగింజంత ఎల్‌ఈడీ.

కంప్లైంటు చదివి తిరువూరు స్టేషన్లో అందరూ నవ్వారు. హెడ్ కానిస్టేబుల్ బసవపున్నయ్యా నవ్వాడు. దొంగతనమంటే నగలు పోవాలి, గొడ్లు పోవాలి, టార్చి లైటులో ముక్క పోవడమేమిటి?

కంప్లైంటు ఇచ్చిన జోజప్ప మాత్రం నవ్వలేదు. రిటైర్డ్ లైన్‌మన్. ముప్ఫై ఏళ్ళు ఊరికి కరెంటిచ్చిన మనిషి కళ్ళనీళ్ళ పర్యంతమై నిలబడ్డాడు.

"మా ఆవిడకి చూపు తగ్గిపోతోందండి. చుట్టూ నుంచి చీకటి మూసుకొస్తోంది. బెజవాడలో చూపించా. మందు లేదన్నారు. వెలుగెక్కువుంటే కాస్త కనపడుద్ది. అందుకని నేనే టార్చీలు చేస్తున్నా. ఇది ఆరోది."

"బజార్లో దొరకవా?"

"ఇంత వెలుగిచ్చేవి దొరకవండి. వెలుగు పెరిగితే ఎల్‌ఈడీ వేడెక్కి మాడిపోద్ది. ఆ వేడి లాగడానికే కింద రాగి. కడ్డీ కోసి, బిళ్ళగా అరగదీసి, అంచున మూడు గాట్లు పెట్టి, దాని మీద ఎల్‌ఈడీ అతికించా. నాలుగు నెలలు పట్టింది."

బసవపున్నయ్య నవ్వు ఆగిపోయింది.

అనుమానం ఎవరి మీదో కాగితంలోనే ఉంది. పాత ఇనుము కొట్టు హనుమయ్య. రాగి కడ్డీ అమ్మింది అతనే, పొద్దున ఆ ఇంటికి వచ్చిందీ అతనే.

మధ్యాహ్నం రెండింటికి బసవపున్నయ్య హనుమయ్యను వెంటబెట్టుకుని జోజప్ప ఇంటికి వెళ్ళాడు.

"ఎన్నింటికి వెలిగించారు?"

"పదీ నలభైకి. రాగి ఎంత వేడెక్కుద్దో చూద్దామని బ్యాటరీకి తగిలించా."

"ఎక్కడ పెట్టి?"

"ఎప్పుడూ పనిబల్ల మీదేనండి. ఇవాళ అక్కడ టార్చి గొట్టానికి రంగు ఆరతా ఉంది. అందుకని ఈ భోజనాల బల్ల మీద పెట్టా. పదీ యాభైకి వైర్లు అతికే సోల్డర్ తీగ కోసం సెంటర్‌కెళ్ళా. పదకొండూ ఇరవైకి వచ్చేసరికి వైర్లు తెగి ఉన్నాయి. బిళ్ళ లేదు."

"నువ్వు ఎన్నింటికి వచ్చావు, హనుమయ్యా?"

"పదకొండింటికయ్యా. ఇంకో రాగి ముక్క దొరికితే తెచ్చా. గుమ్మంలోంచి కేకేస్తే ఎవరూ పలకలేదు. వెళ్ళిపోయా."

"బల్ల మీద వెలుగు కనపడిందా?"

"లేదయ్యా."

గుమ్మంలోంచి చూస్తే బల్ల ఎదురుగానే ఉంది. హనుమయ్య మాట నిజమైతే, పదకొండుకి ముందే బిళ్ళ మాయమైంది. అప్పుడు ఇంట్లో ఉన్నది ఒక్కరే.

ఆ ఒక్కరూ మజ్జిగ గ్లాసుతో వచ్చారు. జోజప్ప భార్య జ్ఞానమణి. గ్లాసు అందుకుంటూ బసవపున్నయ్య ఆమె కుడి అరచెయ్యి చూశాడు.

"చెయ్యి కాలిందేంటమ్మా?"

"పెనం తగిలిందయ్యా."

మజ్జిగ తాగి, గ్లాసు ఇచ్చే నెపంతో ఆమె వెనకే వంటింట్లోకి వెళ్ళాడు. గొంతు తగ్గించాడు.

"పెనం తగిలితే వేళ్ళు కాలతాయమ్మా. మీకు అరచెయ్యి కాలింది. అదీ గుండ్రంగా, అంచున మూడు గాట్లతో. ఆ రాగి బిళ్ళ ముద్రే అది. బల్ల తుడుస్తూ దాని మీద చెయ్యి పెట్టారు. ఎదురుగా చూడలేనంత వెలుగు మీద, కనపడేవాళ్ళు ఎవరూ చెయ్యి పెట్టరమ్మా."

జ్ఞానమణి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి రాగి బిళ్ళ తీసింది.

"చెయ్యి కాలేదాకా వెలుగుతోందని తెలీలేదయ్యా. మొన్నటిదాకా సన్నటి గీతలాగా ఏదో కనపడేది. ఇప్పుడు అదీ లేదు. సాయంత్రం దీన్ని నా ముందు పెట్టి ఎలా ఉందని అడుగుతారు. నేనేం చెప్పను? నాకు కనపడుద్దనే ఆశతోనే పొద్దున్నే లేస్తున్నారు."

బసవపున్నయ్య బిళ్ళ తీసుకుని ముందుగదిలోకి వచ్చాడు.

"ఎలకలు లాక్కెళ్ళినట్టున్నాయి. బియ్యం డబ్బా వెనక దొరికింది. హనుమయ్యా, నీ మీద కేసు లేదు."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో అంత చేతగాని అబద్ధం అతను ఎన్నడూ చెప్పలేదు. జోజప్ప నమ్మేశాడు. హనుమయ్య చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. గబగబా వైర్లు కలిపి, బిళ్ళను గొట్టంలో బిగించి, భార్యను పిలిచి ఎదురుగా నిలబెట్టాడు.

"చూడు జ్ఞానమణీ."

స్విచ్ టక్‌మంది.

టార్చి వెలగలేదు. వైర్లు తెంపినప్పుడే ఎల్‌ఈడీ దెబ్బతిన్నట్టుంది.

జ్ఞానమణి కళ్ళు చికిలించింది. "అబ్బ, ఎంత వెలుగండి. మీ మొహం చక్కగా కనపడతా ఉంది. నవ్వుతున్నారు కదూ?"

జోజప్ప చేతిలోని టార్చిని చూశాడు. ఆమె అరచేతిని చూశాడు. బసవపున్నయ్య వైపు చూశాడు. బసవపున్నయ్య తల దించుకున్నాడు.

"అవునే, నవ్వుతున్నా," అన్నాడు జోజప్ప. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. వాటిని తుడుచుకుంటే చప్పుడవుతుందని తుడుచుకోలేదు.

కాసేపాగి స్విచ్ మళ్ళీ టక్‌మనిపించి, టార్చి ఆర్పాడు.