నల్లబీరు సాక

బాత్రూమ్‌లో వాషింగ్ మెషీన్ వెనక, దుప్పటి చుట్టిన నీళ్ళ డ్రమ్ము బుసబుసమని పొంగుతుంటే కవిత దుప్పటి లాగేసింది. మూత తీసింది. నల్లటి ద్రవం, మీద మందంగా నురగ, గుప్పుమని పులిసిన వాసన.

ఎవరో ఇంట్లోనే బీరు కాస్తున్నారు!

దార్సైట్‌లోని ఆ ఫ్లాట్ ఆమె భర్త జితేందర్‌కు కంపెనీ ఇచ్చింది. ఈ అరబ్బు దేశంలో ఈ సంగతి బయటికి పొక్కితే ముందు పోలీసులు, తర్వాత ఊరికి విమానం.

శుక్రవారం సెలవు. ఆమె కేకకు వచ్చిన జితేందర్ డ్రమ్ములోకి ఒకసారి చూశాడు. ఒక్క అంగలో హాల్లోకి వెళ్ళి, సోఫాలో నిద్రపోతున్న తమ్ముణ్ణి కాలర్ పట్టి లేపాడు. అంజి లేబర్ క్యాంపులో ఉంటాడు. సెలవు రోజులు మాత్రం ఇక్కడే.

"క్యాంపుల తాగి దొరికితె నీ ముదీర్, గా మేనేజర్ కాళ్ళు మొక్కి కాపాడిన. సిగ్గులేదారా? పోయిన వారమొచ్చి నా ఇంట్ల భట్టి పెట్టిపోయినవా?"

"భట్టేందన్నా? నాకేం తెల్వదు!"

"మరెవ్వలు? మీ వదినెనా? అవ్వనా?"

"ఏమో, వాళ్ళనడుగు! ఈ ఇంట్ల గిలాస పలిగినా అంజే, బల్బు పోయినా అంజే!"

"ఈ ఇంట్ల తాగేది నువ్వొక్కనివే కదా," అంది కవిత.

"తాగుత వదినె, కాదన్ననా? కాసుడు నాకేడొస్తది? నాకు చాయ కాసుడే రాదు!"

మూల కుర్చీలో అత్తగారు రాములవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. విజిట్ వీసా మీద వచ్చి నెలయింది. తల ఎత్తలేదు.

అంతలో బెల్ మోగింది. కింది ఫ్లాట్ జైనబీ.

"క్యా లొల్లి భాభీ? మాకు ఏందో పులిసిన వాసన గూడ వస్తుంది."

"దోశ పిండి, జైనబీ. పొంగిపోయింది."

"అయ్యో, దార్సైట్ మొత్తానికి వేస్తున్నరా ఏంది దోశలు!"

ఆమె నవ్వుతూ మెట్లు దిగింది. కవిత గొళ్ళెం పెట్టింది.

జితేందర్ గొంతు తగ్గింది కానీ కోపం తగ్గలేదు. "సామాను సదురుకో. మీ కంపెనీకి నేనే ఫోన్ చేస్త, నిన్ను ఊరికి తోలుమని."

"అన్నా! నా పెండ్లాం పిల్లల గతేంగావాలె?"

"డ్రమ్ము నింపేటప్పుడు యాదికి రాలేదా పిల్లలు?"

అంజి కళ్ళు ఎర్రబడ్డాయి. విసురుగా బాత్రూమ్‌లోకి వెళ్ళి డ్రమ్ము ఎత్తాడు. "ఎవనిదైనా కానీ, పారబోస్త!"

"ఆగు బిడ్డా! లెట్రిన్ల పొయ్యకు! అది మీ తాతది!"

రాములవ్వ ఒళ్ళోని చిక్కుడు గింజలు నేలంతా దొర్లాయి.

"అత్తమ్మా, మీరా!" కవిత అరిచింది. "కొడుకునిన్ని మాటలంటుంటె చిక్కుడుకాయలు ఒలుసుకుంట కూసున్నరా?"

రాములవ్వ గోడ పట్టుకుని నిలబడింది.

"నేనే కాసిన. కాళ్ళ వాపుకు జావ తాగుతనని బార్లీ నీతోనే తెప్పిచ్చిన. మీరు డ్యూటీలకు పోయినంక మొలకలు కట్టి, నల్లగ ఏంచిన. నిజాం జమాన నుంచి మా నాయన బీరు ఫ్యాక్టరీల గదే పని. తెల్లబీరు దొరలకు, నల్లబీరు మిల్ట్రీకి. మిల్ట్రోళ్ళు పోయినంక నల్లబీరు బందువెట్టిన్రు. గది కాసుడు మా నాయన నాకే నేర్పిండు. రేపు పెత్రమాస, పెద్దలకు పెట్టే అమాస. ఊర్లయితె పెద్దల పేరు మీద నేలకు కల్లు సాక పోసేదాన్ని. ఈడ కల్లేడిది? మా నాయనకు ఆయన బీరే పోద్దామనుకున్న. చెప్తె పారబోస్తరని నోరిప్పలేదు.

"గా ఫ్యాక్టరీల ఎవడో సీసాలెత్తుకపోతె, మా నాయన మీద వెట్టి ఎల్లగొట్టిన్రు. దొంగోడు పక్కనే నిలవడి సూసిండట, ఒక్క మాటనలేదట. సచ్చేదాక వాన్ని తిట్టిండు మా నాయన. ఇయ్యాల నేను గట్లనే కూసున్న, నా కొడుకు ముంగటనే. పారబొయ్ అంజీ. లెట్రిన్లనే పొయ్. నా చేతి సాక మా నాయన ముట్టడు."