నలభై దాటిన దెబ్బలు

నల్లబండ దగ్గరికి చీకటి పడ్డాక ఆ ఊళ్లో ఎవరూ వెళ్లరు.

రేవు చివర, పడవలు కట్టే గట్టు అయిపోయినచోట, నీళ్లలోకి చాచిన నాలుకలా ఉంటుందది. పగలు జాలర్లు దాని మీదే ఆక్టోపస్‌లను బాదుతారు. కాళ్లన్నీ కూడగట్టి పట్టుకుని నలభైసార్లు బండకేసి కొడితేగానీ కండ మెత్తబడదు. తక్కువైతే రబ్బరు, ఎక్కువైతే గుజ్జు. ఆ దీవిలో పిల్లలకు నడక కంటే ముందు ఈ లెక్కే వస్తుంది.

ఇరవై ఏడేళ్ల కిందట ఒక రాత్రి ఆ బండ మీద దెబ్బలు వినబడ్డాయి. కాఫీకొట్టులో ఉన్నవాళ్లు ‘ఎవరికో మంచి ఆక్టోపస్ పడింది’ అనుకుని పేకాట సాగించారు. పొద్దున చూస్తే – సముద్రం అడుగున స్పాంజీలు కోసే ఆంటోనాస్! తల బండ మీద ఉంది... ముఖం లేదు. చొక్కా చూసి గుర్తుపట్టారు. చంపిందెవరో తేలనే లేదు.

అప్పట్నుంచి గాలి పడిపోయిన రాత్రుళ్లు ఆ దెబ్బలు మళ్లీ వినబడతాయంటారు. వినబడగానే కిటికీలు మూసుకుంటారు.

థెమెలీనాకి ఇదంతా నవ్వులాట. వాళ్లన్న స్కేవోస్‌కి మరీను. “దెయ్యం పుణ్యమా అని రాత్రి బండ నా ఒక్కడికే దొరుకుతోంది” అనేవాడు.

కానీ ఆ రోజు ఆమెకు నవ్వు రాలేదు. మధ్యాహ్నం గట్టు మీద, నలుగురూ చూస్తుండగా, పడవల యజమాని మికేస్ ఎదుటే నిలబడి స్కేవోస్ అనేశాడు – “నువ్వు మందుగుండు పేల్చి చేపలు పడుతున్నావు. పిల్ల చేపలు కూడా చచ్చి తేలుతున్నాయి. రేపు పొద్దున్నే కోస్ట్‌గార్డుకి చెప్తా.”

అరవై దాటిన మికేస్ మీసం తుడుచుకుని నవ్వాడు. “పొద్దుటిదాకా నోరుంటే చెప్పుకో, తమ్ముడూ.”

అందుకే ఆ రాత్రి థెమెలీనా కాఫీకొట్టు గుమ్మంలో కూర్చుని అన్న కోసం చూస్తోంది. గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టుంది.

ధప్...

బల్ల తుడుస్తున్న కొట్టు ముసలాయన సీదెరిస్ చెయ్యి ఆగిపోయింది.

“తలుపు వేసెయ్, పిల్లా.”

“మా అన్నే, తాతా. వణక్కు. లెక్కపెట్టు – నలభైకి ఆగుతాడు.”

సరిగ్గా నలభైకి ఆగింది.

“చూశావా?” ఆమె గుండె కుదుటపడింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్లీ... ధప్. ఈసారి నిదానంగా, తీరిగ్గా. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై.

నలభై ఒకటి.

థెమెలీనా లేచి నిలబడింది.

“వెళ్లకు...” సీదెరిస్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “ఆ రాత్రి కూడా...” మిగతా మాట మింగేశాడు.

“మా అన్న నలభై దాటడు, తాతా!”

చెయ్యి విదిలించుకుని, లాంతరు అందుకుని పరుగెత్తింది. పేకాట బల్ల దగ్గర ముగ్గురున్నారు. ఒక్కడూ లేవలేదు.

వలల గుట్ట దాటేసరికి యాభై రెండు. గట్టు చివర యాభై తొమ్మిది. ‘ఆపు... వాణ్ణి వదిలెయ్...’ – గొణుగుతూనే లెక్కపెడుతోంది.

బండ మీద స్కేవోస్ పక్కకు పడి ఉన్నాడు. చెవి వెనక రక్తం. పక్కన విరిగిన తెడ్డు. వేళ్ల మధ్య ఆక్టోపస్ ఇంకా అలాగే ఉంది. ఆమె అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది – ఊపిరి ఆడుతోంది!

ధప్.

మరి... ఈ దెబ్బ ఎవరిది?

లాంతరు పైకెత్తింది.

బండ అంచున మికేస్ మోకాళ్ల మీద ఉన్నాడు. వెనక నుంచి ఎవరో జుట్టు పట్టి లాగినట్టు తల పైకి లేచింది. వెనక ఎవరూ లేరు. తల కిందికి దిగింది. ధప్. పళ్లు రాలి బండ మీద దొర్లాయి. రెండు చేతులూ రాతికి ఆనించి, తన తలను తానే ఆపుకోవాలని పెనుగులాడుతున్నాడు.

“పట్టుకో... నన్ను పట్టుకో...” నెత్తుటి నోటితో గుసగుసలాడాడు.

ఆమె అతని కాలరు పట్టుకుంది. లంగరు గొలుసు లాగినట్టు ఏదో ఇద్దరినీ కిందికి లాక్కుపోయింది. వేళ్ల మీద ఇంకేవో వేళ్లు తగిలాయి... తడిగా, చల్లగా. కెవ్వుమని వదిలేసింది.

డెబ్బై ఒకటి. డెబ్బై రెండు.

ఆఖరి దెబ్బకు పుచ్చకాయ పగిలిన చప్పుడైంది.

తర్వాత... నీళ్లలోకి ఏదో మెల్లగా దిగింది.

తెల్లారింది. స్కేవోస్ తలకు పదకొండు కుట్లు వేశారు. వాడికి మికేస్ తెడ్డు ఎత్తడం ఒక్కటే గుర్తుంది. ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్న థెమెలీనాకి సీదెరిస్ కాఫీ తెచ్చి ఇచ్చాడు. పక్కనే కూర్చున్నాడు.

“నలభై దాటాక... ఎక్కడ ఆగింది, పిల్లా?”

“డెబ్బై మూడు.”

ముసలాయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“ఆంటోనాస్ పోయిన రాత్రి నేనూ లెక్కపెట్టాను” అన్నాడు వేళ్ల సందుల్లోంచి. “నలభై దాటిందని తెలిసి కూడా... కుర్చీలోంచి లేవలేదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు తల్లీ. డెబ్బై మూడే.”