మూత పెట్టిన ఆకు

తెల్లవారేసరికి పెరట్లో మంచు మోకాటి లోతు పడింది. పెయ్‌జన్ గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుని, గోడకు వేలాడుతున్న ఎండు క్యాబేజీ ఆకుల్ని చేత్తో నలిపి మొక్కజొన్న తవుడులో కలుపుతోంది. పెద్దబాతులు మెడలు చాచి చుట్టూ మూగాయి. తవుడు ఏరుకుని తిన్నాయి. ఆకు వదిలేశాయి.

"మీ బాతులకు నా చేతి తిండి నచ్చినట్టు లేదు వదినగారూ" అంది నవ్వుతూ.

వియ్యపురాలు యాచిన్ తలుపు సందులోంచి చూసింది. "ఎందుకు నచ్చుతుంది? గడ్డి ఉన్నన్నాళ్ళూ ఏటి గట్టున మేసి బలిశాయి. ఇప్పుడు చెత్త పోస్తే తింటాయా? మీ దక్షిణాదిలో ఏం పెడతారు?"

"మా చెరువుల దగ్గర చలికాలంలోనూ పచ్చిక ఉంటుందండీ. వదిలేస్తే అవే మేసి వస్తాయి."

"మనుషులూ అంతేగా. వదిలేస్తే ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో మేస్తారు."

లోపల పిండి కలుపుతున్న పెయ్‌జన్ కూతురు లింగ్‌హ్వా చేతులు ఆగిపోయాయి. తల్లి ఈ ఇంట్లో ఉండాలంటే తను నోరు మూసుకోవాలి.

దక్షిణాన చెరువు గట్టు తెగి పెయ్‌జన్ ఇల్లు కూలిపోయింది. అన్న కొడుకు ఇంట్లో మెట్ల కింద పడుకునేది. కూతురు వెళ్ళి చూసి, ఏడ్చి, ఈ ఉత్తరపు చలిలోకి వెంటబెట్టుకుని వచ్చింది. అల్లుడు షిజూ సరేనన్నాడు. కొడుకు ఎదుట యాచిన్ కాదనలేదు. అతను పనికి వెళ్ళాక మాత్రం వియ్యపురాలిని పెరట్లోకి పిలిచింది.

"గడ్డి లేనన్నాళ్ళూ ఈ బాతులు నీ పూచీ. వసంతానికి గుడ్లు పెట్టాలి. ఒక్కటి చచ్చినా మూట కట్టుకో. కూర్చోబెట్టి మేపడానికి ఇదేం సత్రం కాదు" అంది.

ఆ రోజు నుంచి పెయ్‌జన్‌కు బాతులే లోకం. తన గిన్నెలో అన్నం కూడా వాటికి దాచేది. అయినా అవి చిక్కిపోతున్నాయి. ఎత్తుకుంటే రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంటోంది.

మంచు పడ్డ ఆ రోజు సాయంత్రం పెయ్‌జన్ చేపల పులుసు కాచింది. షిజూ రెండోసారి గిన్నె చాపాడు. యాచిన్ గరిటె అందుకోబోయింది.

"అమ్మా, ఇంకొంచెం వెయ్యి" అన్నాడు షిజూ, అత్తగారి వైపు చూస్తూ.

అత్తగారిని అమ్మ అనడం ఆ ఊళ్ళో మామూలే. యాచిన్ చెయ్యి మాత్రం గాలిలో ఆగిపోయింది. మెల్లగా దించుకుని ఒళ్ళో పెట్టుకుంది.

తిన్నాక పెయ్‌జన్ పెద్ద ఇనప బాణలి కడిగింది. సామాన్ల గదిలోని క్యాబేజీ ఆకులు తరిగి తెచ్చింది.

"వదినగారూ, ఒక మాట. ఎండాకు గొంతు దిగట్లేదు, పచ్చాకు గడ్డ కట్టిపోతోంది. ఇప్పుడే ఉడకబెట్టి, పొద్దుటికి వెచ్చగా ఉండేట్టు నిప్పుల మీదే మూత పెట్టి ఉంచేదా? పాడవదు కదా?"

యాచిన్ బాణలి వంక చూసింది. తరవాత ఆమె మొహం వంక చూసింది.

"ఊఁనా" అంది.

ఆ ప్రాంతంలో ఊఁనా అంటే సరే అని. పెళ్ళిళ్ళు కూడా ఆ ఒక్క మాట మీదే కుదురుతాయి. పెయ్‌జన్ తృప్తిగా మూత పెట్టింది. ఆవిరి పోకుండా అంచు చుట్టూ తడిగుడ్డ కూడా చుట్టింది.

మర్నాడు పొద్దున్నే బాణలి దింపి తవుడు కలిపి తొట్టిలో పోసింది. ఇంతకాలానికి బాతులు ఎగబడి తిన్నాయి. "తినండి తల్లీ, తినండి" అంటూ వాటి వీపులు నిమిరింది. లోపలికొచ్చి కూతురికి కూడా చెప్పింది. "ఇంక బెంగలేదే. దారి దొరికింది."

టీ నీళ్ళు మరిగేలోపే పెరట్లో రెక్కలు కొట్టుకుంటున్న చప్పుడు. పరుగెత్తుకెళ్ళేసరికి ఒకటి తూలుతోంది, ఒకటి వెల్లకిలా పడి కాళ్ళు తన్నుకుంటోంది. ముక్కులు నల్లగా, నీలంగా తిరిగాయి. పెయ్‌జన్ మంచులో కూలబడి ఒకదాని తల ఒళ్ళో పెట్టుకుంది. నోట్లో వేలు పెట్టి తిన్నది కక్కించబోయింది. ఆ చేతిలోనే అది మెడ వాల్చేసింది. కాసేపటికి తిన్నవన్నీ అంతే.

"చంపేసింది! నా కొంప ముంచింది!" యాచిన్ గొంతు వీధి చివరి దాకా వినిపించింది. పక్కింటివాళ్ళు గోడ మీదుగా తలలు పెట్టారు. "చూడండమ్మా, దిక్కులేనిదని తెచ్చి పెట్టుకుంటే! ఇల్లు నీళ్ళపాలు చేసుకుంది, మొగుణ్ణి మట్టిపాలు చేసింది, ఇప్పుడు మా ఇంటి మీద పడింది!"

"అత్తయ్యా, చాలు" అంది లింగ్‌హ్వా.

"ఏం చాలు? షిజూ! నీ బాతులు ఇవిగో. ఏమంటావు?"

షిజూ చచ్చిన బాతుల్ని చూశాడు. పులుసు పోసిన మనిషిని చూశాడు.

"మీకు చేతకాకపోతే చెప్పాల్సింది అత్తయ్యా" అన్నాడు.

అమ్మ అనలేదు. పెయ్‌జన్‌కు అర్థమైంది. లేచి, మోకాళ్ళకంటిన మంచు దులుపుకోకుండానే లోపలికి వెళ్ళి బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు కట్టెల కొట్టంలోంచి గట్టిగా ఒక అరుపు. యాచిన్ తన చేత్తో ముద్దలు తినిపించి పెంచిన మగబాతు అది.

లింగ్‌హ్వా కొట్టం తలుపు చూసింది. బయట గొళ్ళెం పెట్టి ఉంది.

"ఇది రోజూ మిగతావాటితోనే తింటుంది. ఈ పూట దీన్నెవరు లోపల పెట్టారు?"

"కాలు కుంటుతోంది" అంది యాచిన్.

లింగ్‌హ్వా గొళ్ళెం తీసింది. మగబాతు రెక్కలు విప్పుకుని పెరడంతా పరుగెత్తింది. పడి ఉన్నవాటిని ఒక్కొక్కదాన్నే ముక్కుతో పొడిచి లేపసాగింది.

"ఏ కాలు అత్తయ్యా?"

షిజూ తొట్టి దగ్గరికెళ్ళి ఆ ఆకు వాసన చూశాడు. తల్లి వైపు తిరిగాడు.

"నా చిన్నప్పుడు మన పంది పిల్లలతో సహా చచ్చింది. ఇలాగే. ఉడికిన ఆకు వేడి మీద మూతపెట్టి ఉంచితే విషమైపోతుందని నాన్న నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఆ తరవాత నువ్వు ఆకు మీద ఎప్పుడూ మూత పెట్టలేదమ్మా. ఆవిడ రాత్రి నిన్ను అడిగింది. నేను అక్కడే ఉన్నాను, నాకే గుర్తు రాలేదు."

"అడిగితే? నేనేం చెప్పాను? ఊఁనా అన్నాను. విన్నానని. వాళ్ళ దక్షిణాదిలో ఊఁ అంటే విన్నానని మాత్రమేగా?"

"మన వైపు ఏమిటమ్మా? నువ్వెప్పట్నుంచి వాళ్ళ వైపు మనిషివయ్యావు?"

గోడ మీది తలలు ఒక్కొక్కటీ దిగిపోయాయి. యాచిన్ అటు చూసింది. ఆమె పక్షాన మాట్లాడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

"నువ్వు దాన్ని అమ్మా అన్నావు" అంది. "నేను గరిటె అందుకుంటుండగా దాన్ని వెయ్యమన్నావు. పదేళ్ళొచ్చేదాకా నువ్వు పక్క తడుపుతుంటే ఉతికింది నేను. పోతే బాతులేగా అనుకున్నా. అది వెళ్ళిపోతే చాలనుకున్నా."

షిజూ లోపలికి వెళ్ళి పెయ్‌జన్ చేతిలోని మూట లాక్కున్నాడు. పొయ్యి ఆనుకుని ఉండే ఇటుక మంచంలో వెచ్చటి కొస, ఇంటి పెద్దావిడ పడుకునే చోటు, అక్కడ పెట్టాడు. "క్షమించమ్మా" అని మోకాళ్ళ మీద పడ్డాడు. పెయ్‌జన్ అతని తల నిమరలేదు. తోసెయ్యనూ లేదు.

యాచిన్ గుమ్మంలో నిలబడి చూసింది. తన పక్కబట్టలు చుట్టుకుని చల్లటి కొసకు తీసుకెళ్ళి, గోడ వైపు తిరిగి కూర్చుంది. లింగ్‌హ్వా ఆమెకు టీ ఇవ్వలేదు. గిన్నెలు మూడే పెట్టింది.

ముగ్గురూ టీ ముందు కూర్చున్నారు. చివరికి యాచిన్ వెనక్కి తిరిగింది. మొహమంతా తడిగా ఉంది.

"వదినా, ఒక్క తిట్టు తిట్టు. కొట్టు, పోనీ. నువ్వట్లా ఊరుకుంటే నాకు ఊపిరాడట్లేదు."

పెయ్‌జన్ తన గిన్నెలోని టీ సగం ఇంకో గిన్నెలో పోసింది. తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టింది.

"వేడిగా ఉంది, తాగండి" అంది. "నేను ఎక్కడికీ వెళ్ళను. నా కూతురి కోసం ఉంటాను. మిమ్మల్ని మాత్రం తిట్టను వదినగారూ. తిడితే మీకు తేలికైపోతుంది."

యాచిన్ ఆ గిన్నె రెండు చేతులతో పట్టుకుని, తాగలేక, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఇంట్లో ఆమెను ఊరుకోమన్నవాళ్ళు లేరు.