నాలుగో సెకను

లసాద్ శవం చేపల వలలో దొరికి పదకొండు రోజులైంది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఒంటిమీద చిన్న గాయం కూడా లేదు. శవాన్ని గుర్తుపట్టడానికి వెళ్లిన ఏజెంట్ జుహైర్, కాగితం మీద సంతకం పెట్టి బయటికి వచ్చి, రోడ్డు పక్కన నిలబడి గుడ్డు వేసి వేయించిన బ్రీక్ అనే మడతరొట్టె తిన్నాడు. పచ్చసొన చొక్కా మీద కారితే తుడుచుకున్నాడు. పదేళ్లు పక్కపక్కన పనిచేసిన మనిషి పోతే ఏడుపు రావాలి. రాలేదు. ఈ పదకొండు రోజుల్లో అతనికి ఆకలి తప్ప ఏమీ తెలియలేదు.

పన్నెండో రోజు ఉదయం పదింటికి ఫోన్ మోగింది.

"బ్రీక్‌లో గుడ్డుందా?"

"ఉంది. సొన కారుతోంది," అన్నాడు జుహైర్.

కోడ్ కలిసింది. కల్నల్ మఖ్లూఫ్ ముక్తసరిగా విషయం చెప్పాడు.

"స్ఫాక్స్ రేవు బయట నాలుగు ఓడలు లంగరేసి ఉన్నాయి. ఒకదాంట్లో పేలుడు సామాను. విదేశీ ముఠాది. ఒంటిగంటకి రేవు పైలట్లు పడవలో వెళ్లి వాటిని లోపలికి నడిపిస్తారు. జెట్టీ మీద అరవైమంది కూలీలుంటారు."

"నాలుగింటినీ ఆపేయండి."

"ఆపితే వాళ్లకి అర్థమైపోతుంది. అక్కడికక్కడే పేల్చేస్తారు. ఏ ఓడో తెలిస్తే మన ఈతగాళ్లు నీళ్లకిందనుంచి వెళ్లి పని కానిస్తారు. ఆ పేరు లసాద్ కనిపెట్టాడు. పైలట్ల ఆఫీసులో గుమాస్తా వేషంలో ఉన్నాడుగా, అక్కడి కంప్యూటర్‌లోనే దాచాడు. పాస్‌వర్డ్ వాళ్లావిడకి రాసిన ఉత్తరంలో నిన్న దొరికింది."

"డిస్క్ ఊడదీసి పంపించనా?"

"అది ఆ పెట్టెలో తప్ప ఎక్కడా తెరుచుకోదు. ఆ పెట్టేమో పొద్దుట్నుంచి వెలగ్గానే ఆరిపోతోందట. మెకానిక్ వేషంలో వెళ్లు. ఓడల ఏజెన్సీలో దుబాసీగా ఉన్న దొర్రా నీకు సాయంగా వస్తుంది. మన మనిషే."

పదకొండింటికల్లా జుహైర్ నూనె మరకల నీలం కోటు, అతికించిన మీసంతో పైలట్ల ఆఫీసులో ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా అక్కడ టీ కాచి, గదులు ఊడ్చే ముబారకా ఖాలా అతన్ని ఎగాదిగా చూసింది.

"పాడైందని మాత్రం అనకు నాయనా. కాస్త నీరసపడింది, అంతే. నిన్నటిదాకా గుర్రంలా ఉంది."

"నిన్న ఏం జరిగింది?"

"ఏం జరుగుద్దీ? ఆ ఏజెన్సీ అమ్మాయి వచ్చి ఇక్కడే కూర్చుని ఏదో టైపు చేసుకుంది. అబ్బో, ఎంత బాగుందో ఈ కంప్యూటరు, రేవు మొత్తంలో ఇలాంటిది లేదు అంది. అల్లా పేరైనా తలచుకోకుండా! దిష్టి తగిలి పెట్టె మంచాన పడదూ మరి?"

జుహైర్ కుర్చీ లాక్కుని పెట్టె ముందు కూర్చున్నాడు. గోడ స్విచ్ వేశాడు. ఫ్యాన్ తిరిగింది, దీపం వెలిగింది. మనసులో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆరిపోయింది.

హెడ్‌క్వార్టర్స్ వాళ్లు వేడిని చూపించే కళ్లద్దాలు ఇచ్చారు. ప్రాసెసర్ చల్లగా ఉంది. దుమ్ము ఊదాడు. ర్యామ్ ముక్కలు ఒక్కొక్కటే తీసి, తుడిచి, మార్చి పెట్టాడు. వెంట తెచ్చిన కొత్త పవర్ సప్లై తగిలించాడు. స్విచ్ వేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెనకవైపు వైర్లన్నీ పీకి చూశాడు. మౌస్ రిసీవర్‌లా ఉన్న గోరంత నల్లముక్కని కూడా పీకి, ఫలితం లేక మళ్లీ పెట్టేశాడు. అదే నాలుగో సెకను. అప్పటికి పన్నెండూ పదిహేను. అరవైమంది కూలీలు గుర్తొచ్చారు. భయం వేస్తుందేమోనని చూశాడు. వేయలేదు.

తలుపు దగ్గర అత్తరు వాసన వచ్చింది. నల్లకళ్లద్దాలు, తెల్ల లినెన్ కోటు, చేతిలో చిన్న సంచి. దొర్రా వస్తే ఆఫీసులో కుర్చీలు కూడా సర్దుకుని కూర్చున్నట్టు ఉంటుంది.

"ఇంకా కాలేదా, మెకానిక్ గారూ? లసాద్ అయితే ఈపాటికి విప్పి, బిగించి, మూడు జోకులు కూడా వేసుండేవాడు."

"లసాద్ లేడుగా," అన్నాడు జుహైర్.

ఖాలా టీ గ్లాసులు బల్ల మీద ఠక్కున పెట్టింది. దొర్రా గ్లాసులో మాత్రం, అతిథులకు మర్యాదగా వేసే పైన్ గింజలు వేయలేదు.

జుహైర్ టీ తాగుతూ ఆలోచించాడు. వేడికైతే ఒకసారి మూడు సెకన్లు, ఒకసారి పది పట్టాలి. వదులు వైరైతే కదిపినప్పుడల్లా లెక్క మారాలి. ప్రతిసారీ సరిగ్గా నాలుగంటే పెట్టె తనంతట తాను చావడం లేదు. ఎవరో చంపుతున్నారు. పవర్ బటన్ నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఏ కంప్యూటరైనా చచ్చినట్టు ఆగిపోతుంది.

"ఖాలా, దీని బటన్ ఎక్కడుంది?"

"బటన్‌తో పనేముంది? గోడ స్విచ్ వేస్తే దానంతటదే వెలుగుతోందిగా ఇవాళ్టినుంచి. అల్లా దీవెన, బర్కత్ అంటే అదీ!"

అప్పుడు చూశాడు. పెట్టె ముందువైపు నీలం కన్నున్న వెండి చెయ్యి, దిష్టి తగలకుండా పెట్టే ఐదువేళ్ల ఖమ్సా, గట్టి జిగురుతో అతికించి ఉంది. ఆ ఊళ్లో ఖమ్సా లేని తలుపు లేదు, టాక్సీ లేదు, ఫ్రిజ్ లేదు. అందుకే గంటకు పైగా దాని ఎదురుగా కూర్చున్నా కంటికి ఆనలేదు. చెయ్యి మధ్యలో కన్ను సరిగ్గా బటన్ మీద పడి, దాన్ని లోపలికి అదిమి ఉంచింది.

"నిన్న ఆవిడ అటెళ్లగానే అతికించా," అంది ఖాలా దర్జాగా. "దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా."

"బెత్తెడు కిందికి జరుపుతా, అంతే. ఒట్టు."

ఖాలా పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంది. జుహైర్ స్క్రూడ్రైవర్‌తో వెండి చేతిని ఊడదీశాడు. బటన్ టక్కున పైకి లేచింది. నొక్కాడు. నాలుగు దాటింది. ఐదు, పది, ఇరవై. తెర వెలిగింది. పాస్‌వర్డ్ కొట్టాడు.

దొర్రా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి కొంచెం ఎక్కువసేపు వదిలింది. తెర వంక కాదు, గడియారం వంక చూస్తోంది.

తెర మీద ఫైళ్లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. పైనుంచి కిందికి, తొందరేమీ లేకుండా.

జుహైర్ చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. మౌస్‌కు తీగ ఉంది. తీగ ఉన్న మౌస్‌కు రిసీవర్ ఎందుకు? ఆ నల్లముక్కే ఫైళ్లను తినేస్తోంది; నిన్న దొర్రా ఇక్కడ కూర్చున్నది దాన్ని పెట్టడానికే.

అరచెయ్యి బటన్ మీద వేసి అదిమిపట్టాడు. ఒకటి. దొర్రా సంచి తెరిచింది. రెండు. సంచిలోంచి సూది బయటికి వచ్చింది. మూడు. ఖాలా టీ కెటిల్ ఎత్తి ఆ చేతి మీద కుమ్మరించింది. నాలుగు. తెర నల్లబడింది, దొర్రా కేక వేసింది, సూది నేల మీద దొర్లింది.

"అల్లా పేరు తలచుకోని నోరు!" అంది ఖాలా రొప్పుతూ.

నల్లముక్కను పీకేసి మళ్లీ వెలిగించాడు జుహైర్. లసాద్ ఫైలు మిగిలింది. అందులో ఒక్కటే మాట: కాలిడోరా. పన్నెండూ నలభై ఒకటికి కల్నల్‌కు ఆ పేరు చెప్పాడు. ఒంటిగంటకు మూడు నిమిషాల ముందు ఫోన్ మోగింది. "సొన తుడిచేశాం," అన్నాడు కల్నల్. కిటికీలోంచి చూస్తే జెట్టీ మీద కూలీలు రొట్టెలో ట్యూనా పెట్టుకుని తింటున్నారు. వాళ్లకేమీ తెలియదు.

దొర్రా చేతికి తడిగుడ్డ చుట్టి కుర్చీకి కట్టేశాడు జుహైర్.

"నన్ను తిట్టవా? కోపం రావట్లేదా?" అందామె.

"రావాలి. ఎదురుచూస్తున్నా."

పోలీసులు ఆమెను తీసుకెళ్లారు. జుహైర్ జిగురు పూసి, ఖమ్సాను పెట్టె మీద బెత్తెడు కిందికి అతికించసాగాడు.

"గట్టిగా నొక్కు. అది నీ స్నేహితుడిదేలే," అంది ఖాలా.

"ఎవరిది?"

"లసాద్‌ది. ఆయనకని నేనే కొన్నా. జేబులో పెట్టుకో నాయనా అంటే నవ్వాడు. నాకెందుకు ఖాలా, నన్నెవరు చూస్తారు అని ఈ బల్ల మీదే వదిలేసి వెళ్లాడు. ఆ మర్నాడే పోయాడు. ఊరికే పడుండటం ఎందుకని దీనికి అతికించా."

జుహైర్ వేళ్లు వెండి చెయ్యి మీద ఆగిపోయాయి. జిగురు ఆరిపోయాక కూడా తీయలేదు. కళ్లు మండాయి. అతికించిన మీసం తడిసి ఒకవైపు ఊడిపోయింది. పదకొండు రోజుల బాకీ ఏడుపు ఒక్కసారే వచ్చింది. ఖాలా గ్లాసులో టీ పోసి, పైన్ గింజలు గుప్పెడు వేసి ముందు పెట్టింది.

సాయంత్రం హెడ్‌క్వార్టర్స్‌కు వెళ్లిన రిపోర్టులో మూడే వాక్యాలున్నాయి. లోపం: వెలిగిన నాలుగో సెకనులో ఆగిపోవుట. కారణం: బటన్ మీద దిష్టి చెయ్యి. తీసుకున్న చర్య: దిష్టి చేతిని బెత్తెడు కిందికి జరపడమైనది.